నెల తప్పితే ఏ పరీక్ష, ఏ రోజు? కార్డు, రక్తపరీక్ష, స్కానింగ్‌లలో ఏది ఎంచుకోవాలి

మే నెలలో ఒక సాయంత్రం, తిరుపతిలో నేను పనిచేసే ల్యాబ్ మూసే వేళకు ఒక అమ్మాయి భర్తతో కలిసి వచ్చి, పర్సులోంచి టిష్యూ కాగితం తీసి, దాని మడతలు విప్పి, లోపలి ప్లాస్టిక్ కార్డును కౌంటరుపై పెట్టింది. "అక్కా, ఇది గీతేనా, కాదా? ఒక్కసారి చూసి చెప్పండి" అని అడిగింది. "సి" అక్షరం ఎదుట ఎర్రటి గీత స్పష్టంగా ఉంది. "టి" ఎదుట మాత్రం, ట్యూబ్‌లైటు కింద వాలుగా పట్టుకుంటే గాని కనిపించని బూడిదరంగు చార ఒకటి ఉంది. పరీక్ష ఎప్పుడు చేశారని అడిగితే నిన్న పొద్దున అన్నది. చేసినప్పుడు ఒక్క గీతే ఉందట. సాయంత్రం పారేయబోతూ చూస్తే రెండోది కనిపించిందట. నెలసరి రావలసిన తేదీ ఎప్పుడని అడిగితే, "రేపండీ" అన్నది.

కార్డులో దోషం లేదు. తేదీ రాకముందే చేయడం ఒక పొరపాటు, చూడవలసిన సమయం దాటాక చూడడం రెండో పొరపాటు. ఇక ఆ చారను పట్టుకుని అప్పటికప్పుడు రక్తపరీక్షకు రావడం కూడా తొందరపాటే. నేను డాక్టర్‌ను కాను, ల్యాబ్ టెక్నీషియన్‌ను. అయితే ఏ పరీక్ష ఏ రోజున ఎంతవరకు నిజం చెబుతుందన్నది నా రోజువారీ పని కనుక, ఎంపిక దగ్గర తడబడేవారి కోసం ఆ లెక్కను ఇక్కడ విడమరచి రాస్తున్నాను.

ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

మెడికల్ షాపుల్లో దొరికే ప్రెగా న్యూస్, ఐ-కెన్ వంటి కార్డులన్నీ ఒకే పద్ధతిలో పనిచేస్తాయి. కంపెనీని మార్చినందువల్ల వచ్చే తేడా కంటే, పరీక్షను నాలుగు రోజులు ఆపి చేసినందువల్ల వచ్చే తేడా చాలా ఎక్కువ. కాబట్టి అన్నిటికంటే ముందు రోజుల లెక్క చూసుకోవాలి. నెలసరి క్రమంగా వచ్చేవారు రావలసిన తేదీ దాటి ఎన్ని రోజులైందో, క్రమం లేనివారు చివరి కలయిక జరిగి ఎన్ని రోజులైందో క్యాలెండరు చూసి కాగితంపై రాసుకోవాలి. నోటి లెక్కలు ఇక్కడ పనికిరావు. ల్యాబ్‌కు వచ్చినవారిని తేదీ అడిగితే "పండగ ముందు", "మా అత్తవాళ్లు వచ్చినప్పుడు" అనే జవాబులే ఎక్కువ.

ఆ తరువాత, మీరు తెలుసుకోదలచినదేమిటో స్పష్టం చేసుకోవాలి. గర్భం ఉందా లేదా అన్నది ఒక ప్రశ్న. ఉన్నది సరిగ్గా పెరుగుతున్నదా అన్నది మరొకటి. అది గర్భాశయంలోనే నిలిచిందా అన్నది ఇంకొకటి. కార్డు మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు చెప్పగలదు. రెండోదానికి రెండు రోజుల ఎడంతో చేసిన రక్తపరీక్షలు కొంతవరకు చెబుతాయి. మూడోది స్కానింగ్ తప్ప మరేదీ తేల్చలేదు. ఒక ప్రశ్నకు జవాబిచ్చే పరీక్షను మరో ప్రశ్న అడగడం వల్లనే చాలామంది డబ్బూ, నిద్రా పోగొట్టుకుంటున్నారు.

గోప్యతను చిన్న విషయంగా కొట్టిపారేయకూడదు. తిరుపతి బస్టాండు చుట్టుపక్కల మెడికల్ షాపుల్లో రోజుకు ఎందరో యాత్రికులు వచ్చిపోతుంటారు గనుక మీ ముఖం ఎవరికీ గుర్తుండదు. అదే పలమనేరులోనో పుంగనూరులోనో అయితే షాపు యజమానికి మీ మామగారితో పరిచయం ఉండవచ్చు. ఖర్చు, ఫలితం చేతికి వచ్చే సమయం ఆ తరువాతి సంగతులు.

పరీక్ష పట్టుకునేది దేనిని

అండం ఫలదీకరణ చెందిన వెంటనే ఒంట్లో పరీక్షకు అందే మార్పేదీ కనిపించదు. పిండం గర్భాశయపు గోడకు అంటుకున్నాక, మున్ముందు మాయగా మారే కణాలు హెచ్‌సీజీ అనే హార్మోనును విడుదల చేయడం మొదలుపెడతాయి. అది ముందు రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి చేరుతుంది. అండం విడుదలైన తరువాత ఈ అంటుకోవడం 6 నుంచి 12 రోజుల మధ్య ఎప్పుడైనా జరగవచ్చు. ఎక్కువమందిలో 8 నుంచి 10 రోజుల మధ్య జరుగుతుంది.

మొదటి వారాల్లో హెచ్‌సీజీ సుమారుగా రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతుంది. చాలా కార్డులు మూత్రంలో మిల్లీలీటరుకు 25 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు ఉంటే గీత చూపించేలా తయారవుతాయి. ల్యాబ్ యంత్రాలు రక్తంలో 5 యూనిట్లను సైతం కొలుస్తాయి. రెండు రోజులకోసారి రెట్టింపు అనుకుని లెక్క వేస్తే 5 యూనిట్లు 10, 20, 40 అయ్యేసరికి ఆరు రోజులు పడుతుంది. మధ్యలో 25 దాటేదాకా, అంటే దాదాపు అయిదు రోజుల్లో, ఏ పొద్దున కార్డు చేసినా గర్భం ఉండి కూడా ఒక్క గీతే రావచ్చు. దాన్ని కార్డు తప్పు అనలేం.

పెట్టెపై కనిపించే 99 శాతం కచ్చితత్వం ప్రయోగశాల పరిస్థితుల్లో వచ్చిన లెక్క. ఎంత మంచి కార్డైనా నెలసరి రావలసిన రోజునే చేస్తే ప్రతి పది గర్భాల్లో ఒకటి దానికి దొరకకపోవచ్చు, ఎందుకంటే ఆ గర్భం అప్పటికి గోడకు ఇంకా అంటుకునే ఉండదు. మరో వారం ఆగితే ఆ మిగిలే వాటా మూడు శాతం దాకా తగ్గుతుంది. వారం ఆగమని డాక్టర్లు పదే పదే చెప్పడం వెనుక ఉన్న లెక్క ఇదే.

1920ల చివర్లో ఇదే హార్మోను కోసం స్త్రీ మూత్రాన్ని చిన్న ఆడ ఎలుకలకు సూదితో ఎక్కించి, కొన్ని రోజుల తరువాత వాటిని కోసి అండాశయాలు చూసేవారు. తరువాత కొన్నేళ్లు ఆ పని కప్పలతో చేయించారు. ఇంట్లో చేసుకునే కిట్లు అమెరికా మార్కెట్లోకి వచ్చినది 1970ల చివర్లోనే. ఐదు నిమిషాలు కూడా ఓపిక పట్టలేకపోతున్నామని ఎవరైనా అంటే నాకు ఆ ఎలుకలు గుర్తుకు వస్తాయి.

నాలుగు దారులు, ఒక్కచోట

| పరీక్ష | ఎప్పటి నుంచి నమ్మవచ్చు | ఎక్కడ | ఖర్చు | తేల్చలేనిది |
|---|---|---|---|---|
| మెడికల్ షాపు కార్డు | నెలసరి తేదీ నుంచి. వారం దాటితే మరింత గట్టిగా | ఇంట్లో | సాధారణంగా వంద రూపాయల లోపు | గర్భం ఎక్కడుంది, ఎలా పెరుగుతున్నది |
| ఆశా లేదా ఏఎన్ఎం ఇచ్చే నిశ్చయ్ కిట్ | పై విధంగానే | ఊళ్లో, ఆరోగ్య ఉపకేంద్రంలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో | ఉచితం | పై విధంగానే |
| బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష | కార్డు కంటే కొన్ని రోజుల ముందు | ల్యాబ్, ఆసుపత్రి | ప్రైవేటులో కొన్ని వందల రూపాయలు | ఒక్కసారి చేస్తే పెరుగుదల తెలియదు. చోటు అసలే తెలియదు |
| స్కానింగ్ | చివరి నెలసరి మొదటి రోజు నుంచి ఆరు, ఏడు వారాలకు | స్కానింగ్ కేంద్రం, ఆసుపత్రి | ప్రైవేటులో కార్డు కంటే ఎన్నో రెట్లు | మొదటి నాలుగు వారాల్లో ఏమీ కనిపించదు |

మెడికల్ షాపు కార్డు

ఎక్కువమందికి ఇదే సరిపోతుంది. పెట్టెలో రేకు కవరు, అందులో తెల్లటి ప్లాస్టిక్ కార్డు, ఒక చిన్న డ్రాపర్, తేమ పీల్చే చిన్న పొట్లం ఉంటాయి. పొట్లాన్ని పారేయాలి. కవరును పరీక్షకు సిద్ధమయ్యాకే చించాలి గాని, రాత్రే చించి దిండు పక్కన పెట్టుకుంటే తేమ పీల్చుకుంటుంది. శుభ్రమైన, సబ్బు మిగలని గిన్నెలో మూత్రం పట్టి, డ్రాపరుతో "ఎస్" అని రాసి ఉన్న గుంటలో పెట్టెపై చెప్పినన్ని చుక్కలు, సాధారణంగా రెండు మూడు, వేయాలి. ఎక్కువ వేస్తే మేలనుకుని గుంట నింపేస్తే కార్డు తడిసి ముద్దయి ఏ గీతా సరిగ్గా రాదు.

ఆ తరువాత జరిగేది చూడముచ్చటగా ఉంటుంది. చుక్క లోపలి కాగితం వెంట గులాబి రంగు అలలా పాకుతూ పోతుంది. ఆ రంగు హెచ్‌సీజీని పట్టుకునే యాంటీబాడీలకు అతికించిన అతి సూక్ష్మమైన బంగారు రేణువులది. మూత్రంలో హెచ్‌సీజీ ఉంటే అవి దానిని పట్టుకుని వెళ్లి "టి" దగ్గర ఆగి గీత కడతాయి. లేకపోతే ఆగకుండా దాటిపోతాయి. "సి" దగ్గరి గీతకు హార్మోనుతో సంబంధం లేదు, కార్డు సరిగ్గా పనిచేసిందని చెప్పడానికే అది ఉంది. అందుకే "సి" గీత రాకపోతే "టి" ఎంత ఎర్రగా వచ్చినా ఆ కార్డు చెల్లదు, మరొకటి కొనవలసిందే.

గడియారం చూసి ఐదు నిమిషాలకు ఫలితం చూడాలి. పది నిమిషాలు దాటాక కనిపించేదానికి విలువ లేదు. కాగితం ఆరేటప్పుడు "టి" ఉండే చోట రంగులేని లేదా బూడిదరంగు చార మిగలడం మామూలే. టిష్యూ కాగితంలో వచ్చిన ఆ కార్డులో ఉన్నది అదే. దీనికి భిన్నంగా, ఐదు నిమిషాల లోపు గులాబి రంగుతో, మొదటి గీతంత వెడల్పుతో వచ్చినది ఎంత లేతగా ఉన్నా గర్భం ఉన్నట్టే. గీత లేతదనం రోజులు తక్కువయ్యాయనడానికే గుర్తు, బిడ్డ బలహీనతకు కాదు. గీత ముదురుతున్నదా లేదా అని రోజుకో కార్డు కొని వరుసగా పేర్చుకునేవారిని చూశాను; ఉదయం తాగిన మంచినీళ్లను బట్టి కూడా గీత ముదురుతుంది, పలచబడుతుంది కనుక ఆ పోలికకు అర్థం లేదు.

తొలి రోజుల్లో ఉదయం లేచిన వెంటనే వచ్చే మూత్రమే వాడాలి, రాత్రంతా నిలిచి చిక్కబడి ఉంటుంది కాబట్టి. తేదీ దాటి వారం గడిచాక ఏ వేళకైనా చేయవచ్చు. మూడు నాలుగు గంటలు మూత్రం ఆపుకుని, ముందుగా చెంబులకొద్దీ నీళ్లు తాగకుండా ఉంటే చాలు. ఇక మన ఎండల సంగతి. చాలా పెట్టెలపై 30 డిగ్రీలు దాటకుండా ఉంచమని రాసి ఉంటుంది. తిరుపతి మే నెల ఎండలో పార్కు చేసిన స్కూటరు డిక్కీలో మధ్యాహ్నమంతా ఉన్న కార్డును నేనైతే నమ్మను. కొన్నప్పుడు గడువు తేదీతో పాటు షాపులో పెట్టె ఏ మూల నుంచి తీశారో కూడా చూడండి. వీధివైపు అద్దాల అలమరలో ఎండ పడే చోట ఉన్నదైతే లోపలి నుంచి ఇంకొకటి అడగడంలో మొహమాటం అక్కరలేదు.

ఆశా కార్యకర్త ఇచ్చే కిట్

జాతీయ ఆరోగ్య మిషన్ కింద నిశ్చయ్ పేరుతో ఈ కిట్లను ఉచితంగా ఇస్తారు. పరీక్ష పద్ధతి మెడికల్ షాపు కార్డుదే. ఉచితం కనుక నాణ్యత తక్కువనే అనుమానం అనవసరం. గర్భం ఉందని తేలితే ఆ కార్యకర్తే పేరు నమోదు చేయించి, తల్లీబిడ్డల కార్డు ఇప్పించి, తొలి పరీక్షలకు తోడుగా వస్తారు. ఈ మేలు మెడికల్ షాపు కార్డుతో రాదు. పిల్లల కోసం ఎదురుచూస్తున్న ఇంటికి ఇది మంచి దారి. అయితే ఆమె అదే వీధిలో ఉంటారు, మీ అత్తగారితో రోజూ మాట్లాడతారు. ఫలితం ముందుగా మీకు మాత్రమే తెలియాలనుకుంటే పట్టణానికి వెళ్లి కార్డు కొనుక్కుని, ఆ తరువాత ఆమె దగ్గరికి వెళ్లడం మేలు.

రక్తపరీక్ష

ఇందులో రెండు రకాలున్నాయి, కౌంటరు దగ్గర చాలామందికి ఆ తేడా తెలియదు. ఒకటి "ఉంది, లేదు" అని మాత్రమే చెబుతుంది. రెండోది హెచ్‌సీజీ ఎన్ని యూనిట్లుందో అంకె ఇస్తుంది. డాక్టర్ చీటీలో బీటా హెచ్‌సీజీ అని రాశారంటే సాధారణంగా అంకె వచ్చేదే. 5 కంటే తక్కువైతే గర్భం లేదని, 25 పైన ఉంటే ఉందని, ఆ మధ్యలో ఉంటే రెండు రోజుల తరువాత మళ్లీ చేయాలని అర్థం చేసుకుంటారు.

ఆ సాయంత్రం వచ్చిన అమ్మాయికి నేను రక్తం తీయలేదు. తేదీ ఇంకా రానేలేదు, ఒంట్లో ఏ బాధా లేదు, నాలుగు రోజుల తరువాత ఒక కొత్త కార్డు చెప్పే విషయానికి అంత ఖర్చు పెట్టించడం నాకు నచ్చలేదు. మా యజమానికి ఈ మాట రుచించదని తెలుసు. రక్తపరీక్ష డబ్బుకు తగిన విలువ ఇచ్చే సందర్భాలు వేరే ఉన్నాయి. సంతాన చికిత్సలో ఉన్నవారు, గతంలో గర్భం గర్భాశయంలో కాక, అండాన్ని అక్కడికి చేర్చే ట్యూబులో నిలిచినవారు, గర్భస్రావాలు అయినవారు, కార్డులో రెండు గీతలు వచ్చి రక్తస్రావమో ఒకవైపు నొప్పో ఉన్నవారు, తేదీ దాటి రెండు వారాలైనా కార్డు తేల్చకుండా వేధిస్తున్నవారు దీనికి తప్పక రావాలి.

అంకె చేతికి వచ్చాక అసలు గందరగోళం మొదలవుతుంది. చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తే అయిదో వారంలో, ఆరోగ్యకరమైన గర్భాల్లోనే హెచ్‌సీజీ 18 నుంచి 7,000 పైదాకా ఎంతైనా ఉండవచ్చు. పక్కింటి అమ్మాయికి 3,000 వచ్చింది, నాకు 400 వచ్చిందేమిటని దిగులు పడడం వృథా. చూడవలసినది ఒక అంకెను కాదు, 48 గంటల ఎడంతో వచ్చిన రెండు అంకెలను. మామూలుగా ఆ రెండు రోజుల్లో రెట్టింపుకు దగ్గరగా పెరగాలి. తక్కువలో తక్కువ సగం మేరకైనా పెరగకపోతే డాక్టర్ జాగ్రత్తపడతారు. రెండుసార్లూ ఒకే ల్యాబ్‌లో చేయించడం ముఖ్యం, ఎందుకంటే యంత్రం మారితే అంకె కూడా కొంత మారుతుంది. జుట్టు రాలకుండా బయోటిన్ మాత్రలు వాడుతున్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. కొన్ని యంత్రాల్లో అది అంకెను తగ్గించి చూపుతుంది. ఇంకొక చిన్న విషయం: ఈ పరీక్షకు పరగడుపున రానక్కరలేదు, టిఫిన్ తిని రావచ్చు.

స్కానింగ్

గర్భం ఉందో లేదో తెలుసుకోవడానికి మొదటి పరీక్షగా స్కానింగ్‌కు వెళ్లడం పొరపాటు. లోపలి నుంచి చేసే స్కానింగులో గర్భసంచిలోని తిత్తి అయిదో వారానికి, గుండె చప్పుడు ఆరు, ఆరున్నర వారాలకు కనిపిస్తాయి. పొట్టపై నుంచి చేస్తే మరికొన్ని రోజులు పడుతుంది. ఇక్కడ వారాలు చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. అందువల్ల తేదీ తప్పిన రోజుకే నాలుగు వారాలైనట్టు. "పెళ్లయి అయిదు వారాలే అయింది, డాక్టరమ్మ ఆరు వారాల గర్భం అంటున్నారు" అని ఇళ్లల్లో జరిగే రగడకు కారణం ఈ లెక్కే తప్ప మరొకటి కాదు.

తొందరపడి నాలుగున్నర వారాలకు స్కానింగ్ చేయిస్తే ఏమీ కనిపించక, అది తొలి గర్భమా, పోయిన గర్భమా, ట్యూబులో ఉన్నదా తెలియక రెండు వారాలు కుమిలిపోవలసి వస్తుంది. నొప్పి, రక్తస్రావం, గతంలో ట్యూబులో నిలిచిన చరిత్ర లేకపోతే ఏడో వారం దాకా ఆగడమే మంచిది. అప్పుడు ఒకే స్కానింగులో చోటు, గుండె చప్పుడు, వారాలు, ఒకరా ఇద్దరా అన్నవి తేలిపోతాయి. గర్భిణికి స్కానింగ్ చేసేటప్పుడు కేంద్రం వారు ఫారం-ఎఫ్ నింపుతారు, డాక్టర్ చీటీ అడుగుతారు. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం బిడ్డ ఆడా మగా అన్నది అడగడం, చెప్పడం రెండూ నేరమే.

చక్కెర, ఉప్పు, టూత్‌పేస్టులలో మూత్రం కలిపి నురుగు చూసే ఇంటి పరీక్షలకు పైన చెప్పిన హార్మోనుతో ఏ సంబంధమూ లేదు. నాడి పట్టి చెప్పడం, వేవిళ్లను బట్టి చెప్పడం కూడా అంతే. వేవిళ్లు అసలే లేని గర్భాలు ఎన్నో ఉంటాయి.

మీరు ఏ కోవకు చెందుతారు

నెలసరి 28, 30 రోజులకు క్రమంగా వచ్చేవారు తేదీ దాటిన తరువాత వారం ఆగి ఒక్క కార్డు చేస్తే చాలు. ఆగలేనివారు తేదీ నాడే చేయవచ్చు, అయితే ఒక్క గీత వస్తే దాన్ని "లేదు" అనుకోక "ఇంకా తెలియదు" అనుకుని నాలుగైదు రోజులకు మరో కార్డు చేయాలి. తేదీకి ముందే చేసేవారికి మరో ఇబ్బంది ఉంది. అంటుకున్న కొద్ది రోజులకే సహజంగా జారిపోయే గర్భాలు కొన్ని ఉంటాయి. ఆగి ఉంటే అది ఒకటి రెండు రోజులు ఆలస్యమైన నెలసరిలా గడిచిపోయేది. ముందే రెండు గీతలు చూసినవారికి మాత్రం అది పోగొట్టుకున్న బిడ్డగా మిగిలిపోతుంది. తెలుసుకోవాలా వద్దా అన్నది ఎవరికి వారే నిర్ణయించుకోవలసిన విషయం.

పీసీఓడీ (నెలసరి క్రమం తప్పించే అండాశయాల సమస్య) ఉన్నవారికి, నలభై రోజులకో అరవై రోజులకో నెలసరి వచ్చేవారికి "తేదీ తప్పడం" అన్న మాటకే అర్థం ఉండదు. వీరు చివరి కలయిక నుంచి 21 రోజులు లెక్కపెట్టి కార్డు చేయాలి. అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకున్నవారికి కూడా ఇదే లెక్క, ఎందుకంటే ఆ మాత్ర నెలసరిని ముందుకో వెనక్కో జరుపుతుంది.

మన ఊళ్లకే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. నెలసరి వాయిదా వేసే మాత్రలు. మూడు వందల రూపాయల దర్శనం టికెట్ నెలల ముందే తీసుకోవాలి, అప్పుడు ఎవరికి ఏ తేదీ పడుతుందో తెలియదు. ఇంట్లో పెళ్లి, ఊళ్లో గంగజాతర ఉన్నా అంతే. మా వదిన ఒకసారి దర్శనం కోసం ఈ మాత్రలు వేసుకుని, ఆపిన తరువాత కూడా నెలసరి రాకపోతే "మాత్రల వేడి" అనుకుని మూడు వారాలు ఊరకే ఉంది. తీరా చూస్తే గర్భం. ఈ మాత్రలు కార్డు ఫలితాన్ని మార్చవు, కాని తేదీ లెక్కను చెరిపేస్తాయి. వీటిని నెలసరికి మూడు రోజుల ముందు మొదలుపెడతారు, ఆ రోజుకు గర్భం ఉన్నా కార్డుకు దొరకకపోవచ్చు. కాబట్టి గర్భానికి అవకాశం ఉన్న నెలలో డాక్టర్‌ను అడగకుండా వీటిని వేసుకోకూడదు. మొదలుపెట్టిన నాడు ఒక్క గీత వచ్చిందన్న ధైర్యమూ పనికిరాదు. మాత్రలు ఆపాక సాధారణంగా రెండు మూడు రోజుల్లో రక్తస్రావం వస్తుంది. వారం గడిచినా రాకపోతే ఆ మరుసటి పొద్దునే కార్డు చేయాలి. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతామని మొక్కుకున్నవారు కూడా, అనుమానం ఉంటే బయలుదేరే ముందే చూసుకోవడం మంచిది.

సంతాన చికిత్సలో అండం విడుదల కోసం హెచ్‌సీజీ సూది వేయించుకున్నవారిలో ఆ మందే రెండు వారాల దాకా రెండో గీత చూపించవచ్చు. వీరు కార్డుల జోలికి పోకుండా డాక్టర్ చెప్పిన రోజున రక్తపరీక్ష చేయించుకోవాలి. ఇటీవల గర్భస్రావం అయినవారిలో కూడా పాత హార్మోను కొన్ని వారాలు మిగిలి ఉంటుంది కనుక కార్డు నమ్మదగినది కాదు.

పాలిచ్చే తల్లులు నెలసరి రాలేదు కదా అని ధీమాగా ఉంటారు. బిడ్డకు ఆరు నెలలు నిండకుండా, తల్లిపాలు తప్ప మరేదీ పట్టకుండా, నెలసరి తిరిగి రాకుండా ఉంటేనే ఆ రక్షణ చాలావరకు పనిచేస్తుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా అండం విడుదల కావచ్చు, అది నెలసరికంటే ముందే జరుగుతుంది. అనుమానం వచ్చిన రోజున ఒక కార్డు చేసి, వారం తరువాత మరొకటి చేయాలి. కాపర్-టీ ఉండి రెండు గీతలు వచ్చినవారు మాత్రం ఇంట్లో ఆగకూడదు. అలాంటి గర్భం ట్యూబులో నిలిచే అవకాశం ఎక్కువ కనుక వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఫలితం వచ్చాక

వారం ఎడంతో రెండు కార్డుల్లోనూ ఒక్క గీతే వచ్చి, నెలసరి మాత్రం రాకపోతే కారణం థైరాయిడ్ కావచ్చు, బరువులో మార్పు కావచ్చు, ఒత్తిడి కావచ్చు. అది డాక్టర్ చూడవలసిన విషయం. నెలసరి తెప్పించే మాత్రలను షాపులో అడిగి తెచ్చుకోవడం సరైనది కాదు.

రెండు గీతలు వచ్చి బిడ్డ కావాలనుకుంటే, రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ గురించి డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టాలి. గర్భం కోసం ప్రయత్నించేటప్పుడే మొదలుపెట్టి ఉంటే మరీ మంచిది. ఈ ఫోలిక్ యాసిడ్‌ను 1940ల్లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. పన్నెండు వారాలలోపే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలోనో, చిత్తూరు జిల్లా ఆసుపత్రిలోనో పేరు నమోదు చేయించుకోవాలి.

గర్భం వద్దనుకుంటే కూడా దారి ఉంది. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టం, దాని 2021 సవరణ ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయంతో గర్భం తొలగించుకోవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలు, భర్త సంతకం అవసరం లేదు. వివరాలు గోప్యంగా ఉంచడం ఆసుపత్రి బాధ్యత. చీటీ లేకుండా షాపులో మాత్రలు కొని మింగడం మాత్రం ప్రమాదం, ఎందుకంటే గర్భం ట్యూబులో ఉంటే ఆ మాత్రలు దాన్ని తొలగించవు. రక్తం కనిపించింది కదా, పోయిందిలే అనుకుంటున్న రోజుల్లోనే లోపల ట్యూబు చిట్లవచ్చు.

పొత్తికడుపులో ఒకవైపు పొడుస్తున్నట్టు నొప్పి, రక్తస్రావం, కళ్లు తిరగడం, భుజం కొసన నొప్పి వస్తే ఏ పరీక్ష ఎంచుకోవాలన్న ప్రశ్నే ఉండదు, నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. 108కు ఫోన్ చేసినా, ఆసుపత్రి గేటు దగ్గర స్ట్రెచర్‌పై ఉన్నా, "నెల తప్పింది, కార్డులో రెండు గీతలు వచ్చాయి" అన్న మాట మొదటే చెప్పాలి. పక్కన అత్తగారున్నారనో, మరిది ఉన్నాడనో ఆ మాట మింగేస్తే, మామూలు కడుపునొప్పి అనుకుని వరుసలో కూర్చోబెట్టే అవకాశం ఉంది.